ఎవరి కోసమో చెప్పని పన్నెండు రొట్టెలు

మా ఇంట్లో ఏ వస్తువు ధర విన్నా నేను వెంటనే దాన్ని పదితో భాగిస్తాను. ఆటో నలభై అంటే నాలుగు. ఫోను రీచార్జి మూడు వందలంటే ముప్పై. మొన్న ఆదివారం మా అమ్మాయి ఒక మీడియం పిజ్జా తెప్పించింది. చీజు అదనం, డబ్బా ఖర్చు, ఇంటికి తెచ్చినందుకు ఖర్చు, పన్ను, అన్నీ కలిపి నాలుగు వందల డెబ్బై. నా నోట్లోంచి "నలభై ఏడా!" అని వచ్చేసింది.

"ఏం నలభై ఏడు?" అన్నాడు మా ఆయన.

"రొట్టెలు."

ఆయన మళ్ళీ పేపర్లోకి తల దూర్చాడు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆయన బాగా నేర్చుకున్న విద్య అదొక్కటే, ఎప్పుడు పేపర్లోకి తల దూర్చాలో తెలియడం.

ఈ భాగించే జబ్బు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. పిల్లలకు అర్థశాస్త్రం చెబుతాను కాబట్టి వచ్చిందనుకుంటారు మా స్టాఫ్ రూములో. అదీ కాదు. ఎమ్మిగనూరు బస్టాండు పక్క సందు మొదట్లో, ఒక ఇంటి గోడకు ఆనుకుని జొన్నరొట్టెలు కాల్చే ఒకామె దగ్గర నాకు అంటుకుంది. నాకు ఉద్యోగం ఎమ్మిగనూరులో, ఇల్లు ఆదోనిలో. సాయంత్రం బస్సెక్కే ముందు ఆమె దగ్గర ఒక్కోటి పది రూపాయలకు నాలుగు రొట్టెలు కట్టించుకోవడం ఆరేడేళ్ళు నడిచింది. నేను ఆమెను పెద్దమ్మా అనేదాన్ని. ఆమె నన్ను మేడమ్మా అనేది. పేరు అడగాలని తోచలేదు. ఆమె కూడా నా పేరు ఎన్నడూ అడగలేదు.

ఆమెకు రూపాయల్లో మాట్లాడటం చేతకాదు. చేతకాకేం, ఇష్టం ఉండదు.

"కొత్త చీరనా పెద్దమ్మా? ఎంత?"

"యాభై రొట్టెలు."

"కరెంటు బిల్లు కట్టినావా?"

"ముప్పైయారు రొట్టెలు. పొద్దంతా ఆ ఫ్యానుకే కాల్సినట్టాయె ఈ నెల."

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, రూపాయల్లో చెబితే నీ సొమ్మేం పోతుందని. ఆమె రొట్టె తట్టడం ఆపలేదు. "రూపాయి యాడ కనపడతాది మేడమ్మా? రొట్టె అయితే నా సెయ్యికి తెలుస్తాది" అంది.

రొట్టె తట్టేటప్పుడు ఆమె కళ్ళు రొట్టె మీద ఉండేవి కావు. రోడ్డు మీద ఉండేవి. కుడిచెయ్యి తట్టుతుంటే ఎడమచెయ్యి తిప్పుతూ పోయేది, చెవి మాత్రం కిందికి వంగి ఉండేది. చప్పుడు పలచబడగానే తట్టడం ఆపి, రెండు చేతులతో లేపి పెనం మీద పరిచేది. పైన తడిబట్టతో ఒక తుడుపు. పొయ్యిలో పత్తికట్టె చిటపటమంటుండేది. ఇదంతా ఎవరైనా చేసేదే, మా ప్రాంతంలో వీధికొకరు చేస్తారు. ఆమె ప్రత్యేకత అది కాదు.

ఆమె దగ్గర లెక్క చెప్పి రొట్టెలు కొనడానికి వీల్లేదు. "నాలుగు రొట్టెలియ్యి" అంటే పిండి ముట్టేది కాదు. "తినేదెవరు?" అనేది. ఎవరెవరు తింటారో చెప్పాలి. చెప్పిన తర్వాతే వేడినీళ్ళ పిండి ముద్ద తీసి పీట మీద పెట్టేది.

మా అత్తకు పైన నాలుగు, కింద ఏడు పళ్ళుండేవి అప్పట్లో. ఆమె రొట్టె పలచగా, రెండుసార్లు తడిబట్ట తుడిచి, ఆవిరి పోకుండా గుడ్డలో మడిచి ఇచ్చేది. మా అమ్మాయిది చిన్నది, మీద ఒక్క నల్లమచ్చ ఉండకూడదు. మచ్చ ఉంటే పిల్లలు అది గిల్లి పారేసి, ఆ చుట్టూ ఉన్నది కూడా పారేస్తారట. మా ఆయన పత్తి మార్కెట్లో గుమాస్తా. కూర్చుని రాసే పని కాబట్టి ఆయనది మధ్యరకం. హమాలీలకు, పొలం పని వాళ్ళకు మందంగా, పొద్దున తింటే సాయంత్రం దాకా కడుపులో కూర్చునేటట్టు చేసేది.

నాది మాత్రం పెనం అంచుకు జరిపి, నిప్పు సెగకు బాగా ఎండబెట్టేది. విరిస్తే చప్పుడు రావాలి.

"నాకేమైంది పెద్దమ్మా? నాకూ మెత్తది ఇయ్యి."

"నీకు గట్టిదే. నమిలినంతసేపు ఊకుంటావు."

చుట్టూ నిలబడ్డవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు. ఊరుకునే మనిషిని కాదు కదా, వాదన పెట్టుకున్నాను.

"అందరికీ పదే తీసుకుంటావు. మా అత్త రొట్టెకు పట్టే పిండెంత, ఆ హమాలీ అన్న రొట్టెకు పట్టే పిండెంత? ఒకే రేటు ఎట్లా కుదురుతుంది?"

"ముసలామె రొట్టెకు పిండి తక్కువ, సెయ్యి ఎక్కువ. ఆయప్ప రొట్టెకు పిండి ఎక్కువ, సెయ్యి తక్కువ. సరిపాయె గదా" అంది.

సరుకు ఖర్చు, శ్రమ ఖర్చు అని నేను బోర్డు మీద మూడు రోజులు గీసి గీసి చెప్పే పాఠం అది. ఆమె ఒక రొట్టె తిప్పే లోపల చెప్పేసింది. నేను ఒప్పుకోలేదు. "అదేం లెక్క" అని గొణిగి బస్సెక్కాను. ఆ మరుసటి వారం అదే ఉదాహరణ క్లాసులో చెప్పాను, నాదైనట్టు.

ఎవరో కొత్తగా బదిలీ మీద వచ్చిన ఆఫీసరు ఒకాయన ఒకరోజు ఆమె మీద విసుక్కున్నాడు. "ఎవరు తింటే నీకెందుకమ్మా? మా ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ చెప్పాల్నా?"

"పేర్లొద్దు సామీ. పండ్లు సెప్పు."

ఆయన కాసేపు గింజుకుని చివరికి "మా నాయనకు కట్టుడు పళ్ళు" అన్నాడు. ఆమె "ఆఁ, ఇట్ల సెప్తే ఏమి" అని పిండి తీసింది. ఆయన తర్వాత రోజూ వచ్చేవాడు.

ఇప్పుడు నా నేరానికి వస్తాను.

మూడేళ్ళ కింద మా అమ్మాయి పన్నెండో పుట్టినరోజు. పదకొండు మంది స్నేహితురాళ్ళను పిలుస్తానంది. పిజ్జా కావాలంది. వాళ్ళ నాన్న సరేనని ఫోను తీశాడు. నేను ఆ ఫోను లాక్కున్నాను.

నా వాదన ఇది. పిజ్జా అంటే ఏమి? ఒక రొట్టె. దాని మీద టమాటా గుజ్జు, నాలుగు కూరగాయ ముక్కలు, కరిగిన చీజు. ఆ రొట్టె మైదా కాకుండా జొన్న అయితే ఆరోగ్యం. అంగడివాడు నాలుగు వందలు తీసుకునే దానికి ఇంట్లో వంద కూడా కాదు. మిగతా మూడు వందలు అట్టపెట్టెకూ, ఆ పెట్టె మోసుకొచ్చే పెట్రోలుకూ, గోడ మీద వెలిగే బోర్డుకూ. అదే నలభై రూపాయలు పెడితే ఆదోనిలో ఒక ప్లేటు ఒగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు వస్తాయి, వేడివేడిగా, మన కళ్ళ ముందు బొరుగులు తడిపి తాలింపు వేసి మరీ ఇస్తారు. పిల్లలకు ఒగ్గాని పెడదామంటే మా అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది కాబట్టి మధ్యేమార్గం చెబుతున్నా, జొన్నరొట్టె పిజ్జా.

"సరే" అన్నాడు మా ఆయన. ఆయన 'సరే' అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ఒక నిజం ఇక్కడ చెబుతాను, ఆయనకు ఇప్పటిదాకా చెప్పలేదు. చీజు పెద్ద ప్యాకెట్టు, సాసు సీసాలు, మూడు రంగుల క్యాప్సికం, పైన చల్లే ఎండాకు పొడి, ఇవన్నీ కొనేసరికే అంగట్లో రెండు పిజ్జాల డబ్బు అయిపోయింది. ఎర్ర క్యాప్సికం కోసం ఆదోనిలో నాలుగు షాపులు తిరిగాను. ఇంట్లో చేస్తే చవక అనే మాటలో సగం, బిల్లులు దాచిపెట్టడమే. అయినా ఓడిపోదల్చుకోలేదు. రొట్టెలు బాగుంటే చాలు, నోళ్ళు మూతపడతాయి అనుకున్నాను.

గురువారం సాయంత్రం ఆమె దగ్గరికి పోయాను. ఆ రోజు కాలేజీలో ప్రిన్సిపాలుతో టైంటేబుల్ మీద గొడవ. బస్సు ఇంజను ఆన్‌లో ఉంది.

"పెద్దమ్మా, పన్నెండు రొట్టెలు కావాలి. అన్నీ ఒకే సైజు. రేపు సాయంత్రం తీసుకుపోతా."

"తినేదెవరు?"

"ఎవరో ఒకరు. పన్నెండు, అంతే."

"అట్ల గాదు మేడమ్మా, తినేదెవరు?"

"నీకెందుకు పెద్దమ్మా? ఊరు దాటించాలి, ఎల్లుండి సాయంత్రం దాకా ఉండాలి. సరేనా?"

ఆమె చేతిలో రొట్టె అలాగే ఆగింది. "ఊరు దాటల్నా? ఎల్లుండి దాకనా?"

"ఔనన్నా కదా!"

ఆమె ఇంకేమీ అడగలేదు. నాకు ఆ క్షణం గెలిచినట్టు కూడా అనిపించింది. ఆరేడేళ్ళలో మొదటిసారి లెక్క చెప్పి రొట్టెలు కొన్నాను.

శుక్రవారం గుడ్డలో కట్టి ఇచ్చింది. మూట తేలిగ్గా ఉంది. తేలిగ్గా ఉందే అనుకున్నాను, అంతే. బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంటికొచ్చి బీరువా మీద పెట్టాను. మర్నాడు రెండో శనివారం, కాలేజీ లేదు. పిల్లలు ఐదుకు వస్తారనగా నాలుగుకు మూట విప్పాను.

పన్నెండు రొట్టెలు. ఒక్కటి పెద్దది కాదు, ఒక్కటి చిన్నది కాదు, గీసినట్టు గుండ్రంగా ఉన్నాయి. పలచగా, తెల్లగా, అప్పడాల్లాగా ఎండి ఉన్నాయి. పైదాన్ని తీస్తే మధ్యకు విరిగింది. రెండోదాని మీద సాసు పోసి స్పూనుతో రుద్దితే మూడు ముక్కలైంది. మూడోదాన్ని నేనే కోపంతో విరిచాను.

మా ప్రాంతంలో ఎవరికైనా తెలిసిన సంగతే ఇది. పనులు లేని కాలంలో ఆలూరు, దేవనకొండ పక్క పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి పోతాయి, గుంటూరు పక్క మిరపకాయలు కోయడానికి. పోయేటప్పుడు మూటల్లో ఎండు రొట్టెలు కట్టుకుంటారు. నెలైనా చెడవు. బుడ్డల కారం, అదే వేరుశనగ పొడి, ఒక ఉల్లిగడ్డ ఉంటే పూట గడిచిపోతుంది. ఊరు దాటించాలి, నిలవ ఉండాలి, తినేదెవరో చెప్పను అంటే జొన్నరొట్టెలు కాల్చే ఏ మనిషైనా చేసేది ఆ రొట్టెలే. మెత్తని రొట్టె రెండు రోజులకు తోలు లాగా సాగుతుంది, ఆమె నాకు అలాంటిది ఎందుకిస్తుంది? ఆమె సరిగ్గా నేను చెప్పిందే చేసింది.

ఇదంతా ఇప్పుడు రాస్తున్నాను. ఆ శనివారం నాలుగు గంటలకు నాకు ఇవేవీ కనబడలేదు. వంటింటి గుమ్మంలో ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డ మా ఆయన మాత్రమే కనబడ్డాడు. "ఎన్ని చెప్పమంటావు?" అన్నాడు, అంతే. నాలుగు పెద్ద పిజ్జాలు, పదహారు వందల ఎనభై.

సోమవారం మూడు మిగులు ముక్కలున్న పిజ్జా డబ్బా చేత్తో పట్టుకుని ఎమ్మిగనూరుకు పోయాను. సాక్ష్యంగా. ఆ డబ్బా చూసి బస్సులో కండక్టరు "ఎవరిది మేడం పుట్టినరోజు" అన్నాడు. సాయంత్రం ఆమె ముందు ఐదారుగురు ఉండగా ఆ డబ్బా అరుగు మీద పెట్టాను.

ఏమేమి అన్నానో అన్నీ రాయను. కొన్ని రాస్తే మా అమ్మాయి చదువుతుంది. "ఊరందరి పళ్ళూ ఆరా తీస్తావే, పన్నెండు రొట్టెలంటే పిల్లల పండగని తెలియదా? నీ రొట్టెలు చూసి పిల్లలు నవ్విపోయారు. ఇదిగో, ఇవి తెప్పించుకోవాల్సి వచ్చింది" అన్నాను. పిల్లలు ఆ రొట్టెలు చూడనేలేదు, అది అబద్ధం. చివర్న, "నీకు మాటలే గానీ పని రాదు పెద్దమ్మా" అన్నాను.

అరవై దాటిన మనిషిని. చప్పుడు విని రొట్టె మందం చెప్పే మనిషిని. పని రాదన్నాను.

ఆమె పెనం మీద రొట్టె తిప్పింది. తల ఎత్తలేదు. "ఎంతాయె?" అంది.

"పదహారు వందల ఎనభై."

"నూట అరవై ఎనిమిది" అంది మెల్లగా. ఇంకేదో చెప్పబోయినట్టు నోరు తెరిచింది. నేను వినలేదు. బస్సు కదులుతోంది. డబ్బా అక్కడే వదిలేసి పరుగెత్తాను. పొగకో దేనికో ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకోవడం కిటికీలోంచి కనబడింది.

నాలుగు రోజులు నేను బస్టాండు అవతలి గేటు నుంచి ఎక్కాను. ఐదో రోజు ఇంక ఉండలేక ఇవతలికి వచ్చాను. క్షమించమని అడగడానికని చెప్పను, అంత మంచిదాన్ని కాదు. నాలుగు రొట్టెలు అడిగి, తినేదెవరో అడక్కముందే చెప్పేసి, అలా సర్దేద్దామని. అక్కడ ఆమె లేదు. పొయ్యి రాళ్ళు లేవు. గోడ మీద పొగచూరిన నల్లని మరక ఒకటి ఉంది.

మరుసటి వారం కూడా లేదు. నెలకు ఆ గోడ కూలగొట్టి షాపు రూములు కట్టడం మొదలుపెట్టారు. ఆమె వెళ్ళిపోయింది కాబట్టి కట్టుకుంటున్నారనుకున్నాను. నా మాటకు ఒక మనిషి పొయ్యి ఆర్పుకుందని నిర్ణయించుకున్నాను. నేను ఒకసారి నిర్ణయించుకుంటే అంతే.

మూడేళ్ళు. ప్రశ్న అడగని పిల్లల్ని క్లాసులో నిలబెట్టి తిట్టే నేను, ఆ సందులో ఎవరినీ ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని భయం. ఆదోనిలో వేరేచోట రొట్టెలు తెచ్చేదాన్ని. అక్కడ ఏమీ అడగరు. లెక్కబెట్టి, కవర్లో వేసి ఇస్తారు. మా అత్త వాటిని పుండికూర పప్పులో గంటసేపు నానబెట్టుకుని తింటూ, వారానికొకసారి అడిగేది. "ఆ రొట్టెలామె యాడికి పాయె?"

"వాళ్ళ ఊరికి పోయిందంట."

"ఏ ఊరు?"

"ఏమో, మాధవరమంట" అనేశాను ఒకసారి, నోటికొచ్చిన ఊరు. అప్పటి నుంచి మా అత్త మంత్రాలయం పోయే వాళ్ళందరికీ, దారిలో ఉన్న మాధవరంలో రొట్టెలామెను విచారించమని చెప్పి పంపేది. ఒక అబద్ధం చెబితే అది ఇంత దూరం తిరుగుతుందని అప్పుడు తెలిసింది.

మొన్న ఆదివారం నలభై ఏడు రొట్టెల పిజ్జా వచ్చిందన్నాను కదా. రెండు ముక్కలు నేనూ తిన్నాను, బాగానే ఉంది, కాదనను. మరుసటి రోజు కాలేజీలో మధ్యాహ్నం మా అటెండరమ్మ క్యారియరు విప్పింది. జొన్నరొట్టె. నేను చూస్తూనే గుర్తుపట్టాను. మధ్యరకం, అంచు దాకా ఒకే మందం, తడిబట్ట తుడుపు ఒకే వాటంలో.

"ఎక్కడివి?"

"సందులో రొట్టెలామె ఇంటివి మేడం. ఇవి కోడలు కాల్సినవి. ఆమె కాలం సేసె గదా, ఇరవై దినాలాయె."

"ఏ సందు?"

"అదే మేడం, బస్టాండు పక్కన. సందు చివర్న ఇల్లు. ఆ గోడ ఇంటాయప్ప రూములు కట్టుకుంటానని ముందే సెప్పింటే, మూడేళ్ళ కిందనే ఇంటికాడికి మారిపాయె. మీకు తెలీదా? పోయేదానికి వారం ముందు దాకా కాల్సింది."

సందు చివర. నేను బస్సెక్కే చోటి నుంచి రెండు వందల అడుగుల దూరం కూడా ఉండదు. మూడేళ్ళుగా నా మూలంగా ఆరిపోయిందనుకున్న పొయ్యి, నా వెనకాల రెండు వందల అడుగుల్లో రోజూ మండుతూనే ఉంది.

సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. రెంటికీ టైము లేదు, ఐదో పీరియడ్ ఉంది.

సాయంత్రం పోయాను. చిన్న ఇల్లు, ముందు రేకుల పంచ. గ్యాసు పొయ్యి ఎత్తుగా పెట్టి ఉంది. ముప్పై ఐదేళ్ళ మనిషి నిలబడి రొట్టెలు కాలుస్తోంది. గోడకు పెద్దమ్మ ఫోటో. ఫోటోలో కూడా కళ్ళు కెమెరా వైపు లేవు, రోడ్డు వైపే ఉన్నాయి.

"నేను ఇక్కడ కాలేజీలో... పెద్దమ్మ దగ్గర రొట్టెలు..." అన్నాను. నాకు మాట తడబడటం అలవాటు లేదు.

ఆ అమ్మాయి నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "పిజ్జా మేడమ్మా మీరు?"

నేల చీలితే బాగుండనిపించింది. ఆమె నవ్వేసింది.

"రాండక్కా, కూసోండి. మా అత్త మీ మాట సెప్పని దినం లేదు."

"ఏమని చెప్పింది?"

"మేడమ్మ సుగ్గి రొట్టెల మీద టమాటాలు పూసిందంట అని! ఊరంతా సెప్పింది. మీరు ఆ డబ్బా ఆడ పెట్టి పోయినారు గదా. ఆ ముక్కలు పెనం మీద ఎచ్చజేసి, ఆడ నిలబడినోళ్ళకు అందరికీ తలా ఇంత తుంచి పెట్టింది. నేనూ తిన్నా. ఆమెనూ తినె. కండ్లల్లో నీళ్ళు వచ్చేటట్టు నవ్వె ఆ దినం."

కొంగుతో కళ్ళు తుడుచుకుంది కదా. ఆ కొంగును నేను మూడేళ్ళు మోశాను.

"తిని ఏమంది?"

"పిండి బాగనే పులిసిండాది, కాల్సిన సెయ్యి కూడా మంచిదే అనె. అయితే ఇది ఎవురి కోసమూ సేసింది గాదు అనె."

నేను ఫోటో వైపు చూశాను. పిజ్జా గురించి నేను ఇంతసేపూ చెప్పిన మైదా, పెట్రోలు, అట్టపెట్టె వాదనంతా ఆ ఒక్క మాట ముందు తేలిపోయింది. నలభై ఏడు రొట్టెల ధర ఎందుకు ఎక్కువనిపిస్తుందో ఆమె తిని చెప్పింది, నేను తినకముందే వాదించాను.

"ఇంటికాడికి మారతాండామని ఆ దినమే మీకు సెప్పాలనుకునెనంట. మీరు సందియ్యలేదంట."

"పని రాదన్నాను" అన్నాను. ఎవరూ అడగలేదు. అయినా అన్నాను.

ఆ అమ్మాయి రొట్టె తిప్పింది. తియ్యని అబద్ధం చెప్పకపోవడమే నాకు నచ్చింది, చెప్పినా నమ్మేదాన్ని కాదు.

"ఆ మాటకు రెండు దినాలు గొణిగె. నిజం సెప్తాండా. మూడో దినం ఏమనెనంటే, తినేదెవురో సెప్పకుంటే నేనైనా ఏం జేసేది, అయితే ఇంకొక తూరి అడగాల్సిండె నేను, అనె. అంతే. ఆపైన నవ్వడమే. మేడమ్మ ఎప్పుడన్నా వస్తాది, వస్తే ఆమెకు గట్టి రొట్టె అని నాకు సెప్పి పెట్టింది."

నాకు గుండెల మీద నుంచి ఏదో దిగింది. పూర్తిగా దిగలేదు. ఆ రెండు దినాల గొణుగుడు ఉంది కదా, అది నాది, అది నాతోనే ఉంటుంది. మిగతా మూడేళ్ళ బరువు మాత్రం ఆ పంచలోనే దించేశాను.

"నాలుగు రొట్టెలు కాల్చు తల్లీ" అన్నాను.

ఆ అమ్మాయి పిండి ముట్టలేదు. నా వైపు చూస్తూ నిలబడింది. పెదాల చివర చిన్న నవ్వు ఉంది.

నేను చెప్పాను. తీరిగ్గా, బస్సు పోతే పోనీ అని చెప్పాను. మా అత్తకు ఇప్పుడు పళ్ళే లేవు, పైనా లేవు కిందా లేవు, మూడేళ్ళ నుంచి రొట్టె నానబెట్టుకుని తింటోంది, ఆమెకు మాధవరం సంగతి కూడా ఈ రోజు చెప్పాలి. మా ఆయనకు షుగరు వచ్చింది, అదే గుమాస్తా పని, ఇంకా ఎక్కువ కూర్చుంటున్నాడు. మా అమ్మాయికి పదిహేనేళ్ళు, మచ్చలుంటే ఇప్పటికీ గిల్లుతుంది, నాకంటే ఎక్కువ వాదిస్తుంది. ఆ అమ్మాయి ఒక్కొక్కరికి తల ఊపుతూ ఒక్కొక్క ముద్ద తీసి పీట మీద పెట్టింది.

"నాలుగోది..."

"మీది తెలుసక్కా" అని, ఆ ముద్దను చివర్న తట్టి, పెనం అంచుకు జరిపి వదిలేసింది.

రొట్టె ఇప్పుడు పదిహేను. పదిహేనుతో భాగించడం అలవాటు కావాలి, అది వేరే కష్టం. బస్సులో కిటికీ పక్కన కూర్చుని మూడు మూటలో ఉంచి నాలుగోది విరిచాను. ఫట్‌మని చప్పుడు వచ్చింది. పక్కనున్నామె ఉలిక్కిపడి నా వైపు తిరిగి, "ఏంటిదమ్మా, ఎక్కడ కొన్నారు, ఎంత?" అని అడిగింది. చెయ్యెత్తి ఆగమన్నాను. నోట్లో రొట్టె ఉంది.

ఆదోని కొండలు కనబడేదాకా నమిలాను. నమిలినంతసేపూ ఊరుకున్నాను.